వెనుక బీమ్ బుష్‌లు: బండి గాలిలో ఉండగా చివరి బోల్టు బిగించనివ్వకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్, లక్షకు దగ్గరపడిన కిలోమీటర్లు, వెనుక టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే అడ్డ ఇనుప దూలం). స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనుక నుంచి ‘దబ్’మని శబ్దం. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపుల్లో బండి వెనుక భాగం పక్కకు లాగినట్టు ఉంటోంది. ఒక మెకానిక్ షాకబ్జర్లు మార్చమన్నారు, ఇంకొకరు బీమ్ మొత్తం మార్చాలన్నారు, స్నేహితుడు రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన బుష్‌లు వేయించమన్నారు. ఇంటి దగ్గర మీరే చేసుకోవచ్చా అన్నది చివరి ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఆ రెండు లక్షణాలూ కలిసి వచ్చాయంటే బీమ్ ముందు కొనల్లో ఉండి దాన్ని బాడీకి కలిపే రెండు బుష్‌ల మీదే నా మొదటి అనుమానం. బీమ్ మార్చనక్కర్లేదు. పాలీయురేథేన్ వద్దు. కంపెనీ రబ్బరు బుష్‌లే, రెండు వైపులా ఒకేసారి వేయించండి. ఇంట్లో చేసుకునే పని కాదు గానీ, దగ్గర నిలబడి చేయించుకోవలసిన పని. ఎందుకంటే కొత్త బుష్ ఎన్నాళ్లు ఉంటుందన్నది, చివరి బోల్టు బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘మొన్ననే మార్పించాం, మళ్లీ శబ్దం వస్తోంది’ అంటూ తిరుపతిలో మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క చోట చెడినవే.

కారణం తెలియాలంటే బుష్ లోపల ఏముందో చూడాలి. చాలామంది అది బేరింగులా తిరుగుతుందనుకుంటారు. తిరగదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న ఇనుప గొట్టం, రెండింటికీ అంటుకుపోయి మధ్యలో రబ్బరు. బయటి గొట్టం బీమ్ కొనలోని గుండ్రటి గూడులో, అంటే హౌసింగ్‌లో, బిర్రుగా కూర్చుంటుంది. లోపలి గొట్టం కొనలను వేలితో తడిమి చూడండి, సన్నటి పళ్లు తగులుతాయి. బోల్టు బిగియగానే ఆ పళ్లు బాడీ బ్రాకెట్‌ను కరిచి పట్టుకుంటాయి. ఇక లోపలి గొట్టం బాడీతో పాటు స్థిరం, బయటి గొట్టం బీమ్‌తో పాటు కదులుతుంది. చక్రం గుంతలో పడి లేచిన ప్రతిసారీ మధ్యలోని రబ్బరు కొద్దిగా మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది.

ఇప్పుడు లిఫ్ట్ మీద బండిని ఊహించుకోండి. చక్రాలు వేలాడుతున్నాయి, బీమ్ కిందికి వాలి ఉంది. ఆ స్థితిలో మెకానిక్ బోల్టును పూర్తిగా బిగించేశాడు. అంటే రబ్బరు దృష్టిలో ‘కదలిక లేని స్థానం’ అదే. బండిని దించగానే బీమ్ పైకి వస్తుంది, రబ్బరు పిండిన తడిబట్టలా మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా దానికి విశ్రాంతి లేదు. దాని మీద స్పీడ్ బ్రేకర్ వస్తే ఇంకాస్త మెలిక. ఏళ్ల తరబడి మన్నవలసిన రబ్బరు నెలల్లో చీలుతుంది, తప్పు మాత్రం విడిభాగం మీద పడుతుంది.

చెన్నైకి అద్దెకు తిరిగే ఒక డ్రైవరు బండి గుర్తుంది. వేరే చోట బుష్‌లు మార్పించుకున్నాడు. ఎండాకాలం మొదట్లో వేస్తే వానలు పడేసరికి మళ్లీ శబ్దం. నకిలీ సరుకు అంటగట్టారని కోపంతో వచ్చాడు. విప్పి చూస్తే సరుకు అసలైనదే, ముద్ర కూడా ఉంది. కానీ కుడి బుష్, ఎడమ బుష్ రెండూ లోపలి గొట్టం అంచున ఒకే దిశలో, ఒకే తీరులో చీలాయి. సహజంగా అరిగితే అలా ఉండదు. మన రోడ్లలో ఎడమ చక్రం ఎక్కువగా అంచు దిగుతుంది కాబట్టి సాధారణంగా ఒక వైపు ముందు పోతుంది. రెండూ జంటగా ఒకేలా చీలాయంటే బిగించిన తీరే కారణం. అదే కంపెనీ బుష్‌లు మళ్లీ వేసి, బండిని పిట్ (కిందికి దిగి పని చేసే గొయ్యి) మీద చక్రాలపై నిలబెట్టి బిగించాం. ఆ బండి ఇప్పటికీ ఆయిల్ మార్చడానికి వస్తుంటుంది, బుష్‌ల ఊసు మళ్లీ రాలేదు.

ముందు అది బుష్షేనని తేల్చుకోండి. డబ్బు ఖర్చు పెట్టకముందు డిక్కీ పూర్తిగా ఖాళీ చేయండి. జాకీ, పానాల సంచి, గుడికి తీసుకెళ్లే చాపలు, అన్నీ. స్పేర్ టైరు మధ్య బోల్టు బిగించండి. వెనుక సీటు కొక్కెం సరిగ్గా పడిందో లేదో చూడండి. నవ్వకండి, ‘సస్పెన్షన్ పోయింది’ అని వచ్చిన వాళ్లను డిక్కీలో దొర్లుతున్న జాకీని చూపించి పంపిన సందర్భాలు మాకు కొత్త కాదు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగినా ఇలాంటి శబ్దమే వస్తుంది. షాకబ్జర్ పై మౌంటింగ్ పోయినా వస్తుంది, కాకపోతే అది చిన్న చిన్న గతుకుల మీద ‘టక టక’మని వరసగా వస్తుంది. బీమ్ బుష్ శబ్దం బరువుగా, ఒక్కటిగా, సీటు కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది.

తరువాత ఖాళీ స్థలంలో నడక వేగంతో ముందుకు పోనిచ్చి బ్రేకు వేయండి, వెనక్కి పోనిచ్చి బ్రేకు వేయండి. దిశ మారిన ప్రతిసారీ ఒక్క ‘దబ్’ వినిపిస్తే బీమ్ ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట.

ఇంకా నమ్మకమైన పరీక్ష పిట్ ఉన్న షెడ్డులో చేయవచ్చు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి ఇద్దరు మనుషులు బండిని ముందు నుంచి నెట్టి వదలాలి, మీరు కింద లైటు పట్టుకుని బుష్‌ను చూడాలి. హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కనుక ఆ తోపు అంతా బీమ్ మీదికే వస్తుంది. కొత్త బుష్‌లోనూ కొద్దిగా కదలిక ఉంటుంది, అది మెత్తగా వెళ్లి మెత్తగా వస్తుంది. పోయిన బుష్‌లో లోపలి గొట్టం ఒక పక్కకు కొట్టుకుని ఆగడం కంటికి కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి, కొందరి విషయంలో మోసం కాదు, తెలియనితనం. చాలా బీమ్ బుష్‌ల రబ్బరులో కావాలనే రెండు ఖాళీలు వదులుతారు. గుంత దెబ్బ తగిలినప్పుడు ఒక దిశలో మెత్తగా ఉండటానికి, మలుపులో మరో దిశలో గట్టిగా ఉండటానికి. కింద నుంచి చూస్తే అవి నెలవంక ఆకారంలో చీలికల్లా కనిపిస్తాయి. ‘చూడండి సార్, ఎంత చీలిందో’ అని వాటినే చూపించి బుష్‌లు మార్చిన బండ్లు చూశాను. తయారీలో వదిలిన ఖాళీ అంచులు నున్నగా, రెండు వైపులా ఒకే కొలతలో ఉంటాయి. చీలిక అంచు గరుకుగా, వంకరగా ఉంటుంది, దాని చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. పైపైన వెంట్రుకవాసి పగుళ్లు వయసుతో వస్తాయి, వాటికి మార్చనక్కర్లేదు. రబ్బరు ఇనుము నుంచి ఊడిపోతే, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక మూలకు చేరితే అప్పుడు మార్చాలి.

ఇక ఘాట్‌రోడ్డు సంగతి. మీకు ఎక్కేటప్పుడు తెలియనిది దిగేటప్పుడే తెలుస్తోందన్నారు. అది సహజమే. దిగేది 1944లో తెరిచిన పాత దారి, ఎక్కేది 1974లో వచ్చింది. హెయిర్‌పిన్ మలుపులు పాతదానిలోనే ఎక్కువ. పైగా దిగేటప్పుడు బ్రేకు మీద ఉంటాం కాబట్టి బరువు ముందు చక్రాల మీదికి పోయి వెనుక తేలికవుతుంది. టార్షన్ బీమ్‌లో బుష్‌లు ముందుంటాయి, చక్రాలు వాటి వెనుక ఉంటాయి. మలుపులో టైరు మీద పడే పక్కతోపు బీమ్ మొత్తాన్ని బుష్‌ల చుట్టూ కాస్త తిప్పాలని చూస్తుంది. రబ్బరు గట్టిగా ఉన్నంతకాలం అది లెక్కలోకి రాదు. రబ్బరు వదులైతే వెనుక చక్రాలు తమంతట తాము కొద్దిగా స్టీరింగ్ తిప్పినట్టవుతుంది. మీరు తిప్పిన దానికంటే బండి ఎక్కువగా తిరిగినట్టు అనిపించి, స్టీరింగ్‌ను సర్దుకోవలసి వస్తుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే. చిత్తూరు వైపు వాళ్లు మొగిలి ఘాట్‌లోనూ, పీలేరు వైపు వెళ్లేవాళ్లు భాకరాపేట ఘాట్‌లోనూ ఇదే మాట చెబుతారు. ఇది శబ్దంతో సరిపెట్టుకునే లోపం కాదు. పని పూర్తయ్యేదాకా నిండా మనుషులతో కొండ మీదికి వెళ్లకండి.

షాకబ్జర్లు మార్చమన్న మెకానిక్‌ను పూర్తిగా కొట్టిపారేయను. షాకబ్జర్ ఒంటి మీద ఆయిల్ కారిన తడి, దానికి అంటిన దుమ్ము ఉంటే వాటి పని కూడా అయిపోయినట్టే. ఎలాగూ వాటి కింది బోల్టు విప్పాల్సిందే కనుక అదే కూలిలో అయిపోతుంది. కానీ అవి పొడిగా ఉంటే ముట్టుకోకండి.

బీమ్ మొత్తం మార్చాలన్న మాటకు మాత్రం ఆధారం అడగండి. ప్రమాదంలో బీమ్ వంగితే, వెల్డింగ్ దగ్గర పగిలితే, బుష్ కూర్చునే హౌసింగ్ గీతలు పడి కోడిగుడ్డు ఆకారానికి వస్తే మార్చాలి. వంగిందో లేదో నాలుగు చక్రాల కోణాలు కొలిచి ఇచ్చే అలైన్‌మెంట్ కాగితంలో వెనుక చక్రాల అంకెలే చెబుతాయి. కొన్ని మోడళ్లకు బుష్ విడిగా దొరకడం కష్టం. ‘బీమే మార్చాలి’ అన్న మాట వెనుక అసలు కారణం ఒక్కోసారి అదే. మీ బండి ఛాసీ నంబరు పట్టుకుని విడిభాగాల దుకాణంలో అడగండి. నంబరు లేకుండా ‘ఫలానా బండి బుష్’ అని అడిగితే పాత తరం మోడల్‌ది చేతిలో పెడతారు. బయటి అడ్డుకొలత సరిపోతుంది, లోపలి రబ్బరు తీరు వేరుగా ఉంటుంది.

పాలీయురేథేన్ గురించి స్నేహితుడు చెప్పింది రేసు బండ్లకు సరే. మీ బండికి ఎందుకు వద్దంటున్నానంటే, టార్షన్ బీమ్ బుష్ ఒకే అక్షం మీద మెలితిరగదు. ఎడమ చక్రం లేచి కుడి చక్రం లేవనప్పుడు బీమ్ మెలితిరుగుతుంది, దానితో పాటు బుష్ పక్కకు కూడా వాలాలి. రబ్బరు ఆ వంకర కదలికను మింగేస్తుంది. గట్టి పాలీయురేథేన్ మింగదు, ఆ ఒత్తిడిని బ్రాకెట్‌కు పంపుతుంది. దానికి సిలికోన్ గ్రీజు కావాలి, అది ఎండితే కిరకిర. రేణిగుంట రోడ్డు దుమ్ములో ఆ కిరకిర ఎంత త్వరగా మొదలవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఎందుకు వద్దంటే, పాత బుష్ సుత్తితో రాదు. రావడానికి ప్రెస్ గానీ, గిన్నె, మరలున్న కడ్డీ ఉన్న పుల్లర్ గానీ కావాలి. కాయిల్ స్ప్రింగు విడిగా ఉండే బీమ్‌లో షాకబ్జర్ కింది బోల్టు తీసి జాకీ ఒక్కసారిగా దించితే స్ప్రింగు ఎగిరి బయటికి వస్తుంది. ఇంటి ముందు రోడ్డు మీద, కంపెనీ ఇచ్చిన చిన్న జాకీతో ఆ పని తలపెట్టకండి. అది టైరు మార్చడానికి ఇచ్చింది, దాని నమ్మకం మీద బండి కిందికి తల పెట్టకూడదు.

షెడ్డులో పని జరిగే క్రమం చెబుతాను, దగ్గర నిలబడి చూడటానికి పనికొస్తుంది. బండిని సమతలం మీద ఆపి, డిక్కీ ఖాళీగా ఉంచి, వెనుక చక్రం మధ్య నుంచి నిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి వెనుక అద్దం మీద సుద్దతో రాయండి. రెండు వైపులా. ఈ అంకె చివర్లో కావాలి. ముందు రోజు సాయంత్రమే బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టిస్తే మంచిది. బోల్టు లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి పట్టేసిన బండ్లుంటాయి. పానా తిరుగుతుంది, బోల్టు తల తిరుగుతుంది, దానితో పాటు గొట్టం కూడా తిరిగి రబ్బరు చిరుగుతుంది, బోల్టు మాత్రం బయటికి రాదు. అప్పుడు కోయడమే. అందుకే కొత్త బోల్టులు, నట్లు ముందే తెచ్చి పెట్టుకోండి. దొరక్క పాత బోల్టునే సుత్తితో సరిచేసి వాడే దుస్థితి రాకూడదు.

బీమ్ దించేముందు బ్రేకు హోస్ పైపుల క్లిప్పులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ క్లిప్పులు, ఏబీఎస్ ఉంటే దాని సెన్సర్ వైర్లు విడిపించాలి. బీమ్ బరువు క్షణమైనా బ్రేకు హోస్ మీద వేలాడకూడదు. పైకి బాగానే కనిపిస్తూ లోపల దెబ్బతిన్న హోస్ ఘాట్‌లో ప్రాణం మీదికి తెస్తుంది. మీరు అక్కడ ఉన్నందుకు చూడవలసిన మొదటి విషయం ఇదే.

చాలా బండ్లలో బీమ్ పూర్తిగా ఊడదీయనక్కర్లేదు, స్ప్రింగులు తీసి ముందు కొనలు కిందికి వాల్చితే సరిపోతుంది. పాత బుష్ తీసేముందు అది ఏ కోణంలో ఉందో హౌసింగ్ మీద పెయింటుతో గీత పెట్టించండి. ఖాళీలు ముందు వెనుకలుగా ఉన్నాయా, పై కింద ఉన్నాయా, అంచు ఎంత బయటికి ఉంది, అన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. కోణం తప్పితే మెత్తగా ఉండవలసిన దిశ గట్టిగా, గట్టిగా ఉండవలసిన దిశ మెత్తగా అవుతుంది. శబ్దం పోయి కుదుపు వచ్చిందని బాధపడేవారి బండ్లలో మేము మొదట చూసేది దీన్నే.

గ్యాస్ మంటతో రబ్బరు కాల్చి బుష్ తీయడం మన దగ్గర మామూలైపోయింది. వేగంగా అవుతుంది, నిజమే. కానీ ఆ పొగ మంచిది కాదు, పక్కనే బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు ఉంటాయి. ఒప్పుకోకండి. పుల్లర్‌కు రాకపోతే బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి నిలువుగా కోసి ముడిచి తీస్తారు. బ్లేడు హౌసింగ్‌ను తాకకుండా, గొట్టం మందం అయిపోయే చోట ఆపగల చెయ్యి కావాలి.

కొత్తది నొక్కేటప్పుడు బలం బయటి గొట్టం అంచు మీదే పడాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే కొత్త బుష్ బిగించకముందే చచ్చిపోతుంది. జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, ఇలాంటి రబ్బరు ఖనిజ నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇదే సందర్భంలో ఇంకో మాట. సర్వీసు తరువాత తుప్పు పట్టదని అడుగున డీజిలు, వాడేసిన ఆయిల్ కలిపి చల్లే అలవాటు మన జిల్లాల్లో ఇంకా ఉంది. బండి నల్లగా నిగనిగలాడుతుంది, యజమానికి సంతోషం, బుష్‌లకు మాత్రం అది విషం. మానిపించండి.

చివరి బిగింపు. బోల్టులు పెట్టి చేతితో, ఆ తరువాత పానాతో కదలకుండా ఉండేంత మాత్రమే బిగించాలి. చక్రాలు వేసి బండిని దించి, పిట్ మీదికి తీసుకెళ్లి, వెనుక భాగాన్ని నాలుగైదు సార్లు నొక్కి వదలాలి. సుద్దతో రాసిన కొలత దగ్గరికి వచ్చిందో లేదో చూడాలి. అప్పుడు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించాలి. పిట్ లేకపోతే, బండి స్టాండ్ల మీద ఉండగా చక్రం కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి బిగించవచ్చు. బాడీ స్టాండు మీద నుంచి లేవకుండా చూసుకోవాలి. ‘ఇప్పుడే బిగించేస్తే పని అయిపోతుంది కదా సార్’ అని కుర్రాడు తొందరపెడతాడు. అక్కడ మొహమాటపడకండి.

అలైన్‌మెంట్ కాగితం పని తరువాత కూడా తీయించండి. టార్షన్ బీమ్‌లో వెనుక కోణాలు సాధారణంగా సర్దుబాటు చేసేవి కావు, కానీ బీమ్ వంకరగా కూర్చుంటే అంకెల్లో తెలిసిపోతుంది. బాడీ బ్రాకెట్ రంధ్రాలు పొడుగ్గా ఉండే బండ్లలో విప్పేముందు దాని చుట్టూ కూడా గీత పెట్టుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి చూపించండి.

ఖర్చు విషయానికి వస్తే ఇందులో పెద్ద భాగం కూలే. అందుకే ఒక వైపే పోయినా రెండూ మార్చమంటాను. రెండో వైపు ఆరు నెలల తరువాత పోతే అదే కూలి మళ్లీ కట్టాలి. పైగా ఒక వైపు కొత్త రబ్బరు, ఇంకో వైపు పాత రబ్బరు ఉంటే మలుపుల్లో కుడికి ఒకలా, ఎడమకు ఒకలా నడుస్తుంది.

ఈ ప్రశ్న చదివే పాత ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా యజమానులకు ఒక్క మాట. మీ వెనుక అమరిక వేరు. అక్కడ పై ఆర్ములు, కింది ఆర్ములు, అడ్డంగా లాటరల్ రాడ్ ఉంటాయి. రోడ్డు మీద వెనుక భాగం ఊగినట్టు ఉంటే ముందు లాటరల్ రాడ్ బుష్‌లు చూపించండి. బొలెరో లాంటి పట్టీ స్ప్రింగుల బండ్లలో స్ప్రింగు కంటి బుష్‌లు, షాకిల్ బుష్‌లు చూడాలి. రబ్బరు బుష్ ఎక్కడున్నా చివరి బిగింపు మాత్రం బరువు మీదే.

మీరు ముందుగా డిక్కీ ఖాళీ చేసి, ముందుకూ వెనక్కూ బ్రేకు పరీక్ష చేసి చూడండి. పిట్‌లో బుష్ దగ్గర నుంచి తీసిన ఫొటో, అలైన్‌మెంట్ కాగితంలో వెనుక చక్రాల అంకెలు ఇక్కడ పెడితే ఖాళీయో చీలికో, బీమ్ తిన్నగా ఉందో లేదో చూసి చెబుతాను.